తుక్కుకు దండం పెట్టడం మానేశాను

మా గరాజులో ఓ మూల ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8 బ్లాక్ ఒకటి, అంటే ఎనిమిది సిలిండర్ల పాత ఇంజిన్ ఇనప మొండెం, పడి ఉంది. 8బీఏ అంటారు, 1949 నుంచి 53 వరకు ఫోర్డ్ కార్లలో వచ్చిన రకం. ప్రస్తుతం దాని మీద రెండు పెయింటు డబ్బాలు, నూనె తుడుచుకునే పాత టవలు, మా ఆవిడ పారెయ్యమని ఇప్పటికి మూడుసార్లు చెప్పిన టేబుల్ ఫ్యాను ఉన్నాయి. ఆ బ్లాక్ ఇంటికి వచ్చిన రోజు నేను దాని మీద చెయ్యి పెట్టి నిజంగానే కళ్ళకద్దుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ నేను చెప్పాలనుకున్నది అక్కడి నుంచే మొదలవుతుంది.

హాట్ రాడ్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పాత అమెరికన్ కారు, ఎక్కువగా 1920లు, 30ల నాటి ఫోర్డు, తీసుకుని, అక్కర్లేని బరువంతా విప్పి పారేసి, దానికి పుట్టుకతో లేని బలమైన ఇంజిన్ పెట్టి, ఆ బలానికి తగ్గట్టు బ్రేకులూ ఇరుసూ గేర్‌బాక్సూ మార్చుకుని నడిపే బండి. అమెరికా వచ్చిన కొన్నేళ్ళకు నాకీ పిచ్చి పట్టింది. నా దగ్గరున్నది 1930 మోడల్ ఎ ట్యూడర్, అంటే రెండు తలుపుల ఫోర్డు, డొక్కు. డొక్కు అని ముద్దుగా అనడం లేదు. దొరికేనాటికి దానికి ఫ్లోరు లేదు, ఒక తలుపు లేదు, వెనక అద్దం ఉండాల్సిన చోట చెట్టు కొమ్మ ఒకటి లోపలికి దూరి అక్కడే లావైపోయి ఉంది. ఫ్రేము మాత్రం వంకర లేకుండా ఉంది. ఇంజిన్ లేదు కాబట్టి ఇంజిన్ వెతకాలి, హాట్ రాడ్ అన్నాక ఫ్లాట్‌హెడ్ కాకుండా ఇంకేం పెడతాం అన్నది ఆనాటి నా జ్ఞానం.

అమ్మినాయన "తిరుగుతోంది" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, పెద్ద పానా పట్టి తిప్పితే క్రాంక్ (ఇంజిన్ అడుగున తిరిగే కడ్డీ) తిరిగింది. ఆ ఒక్క మాట మీద కొనేశాను. మెషీన్ షాపులో వేడి ద్రావణంలో ముంచి కడిగారు, డెబ్భై ఏళ్ళ జిడ్డూ మట్టీ పోయి బూడిద రంగు ఇనుము బయటపడింది, నాకైతే అభిషేకం అయ్యాక విగ్రహాన్ని చూసినట్టే ఉంది. ఆ తర్వాత పగుళ్ళ పరీక్ష. బ్లాక్‌కి అయస్కాంతం పట్టించి, మీద సన్నటి పసుపు రంగు ఇనప పొడి చల్లుతారు. పగులు లేని చోట పొడి ఊదితే ఎగిరిపోతుంది. పగులున్న చోట గీతలా అతుక్కుపోతుంది. ఆయన మెల్లగా ఊదుతుంటే వాల్వ్ సీటు అంచు నుంచి సిలిండర్ వైపు చీమల బారులాగా ఒక గీత తేలింది. పక్క సిలిండర్‌లో ఇంకోటి. అవతలి వైపు మూడోది, అది గోడ మీదుగా కిందికి కూడా దిగింది.

ఇందులో అమ్మినాయన తప్పేం లేదు, ఆ ఇంజిన్ నిర్మాణమే అంత. ఫ్లాట్‌హెడ్‌లో వాల్వులు, అంటే గాలినీ పొగనీ వదిలే తలుపులు, పైమూత అయిన హెడ్‌లో ఉండవు, బ్లాక్‌లోనే ఉంటాయి. ఎగ్జాస్ట్ వాల్వులేమో రెండు సిలిండర్ వరసల మధ్య, పొగ గొట్టాలేమో బయటి వైపు. అంటే నిప్పులా కాలుతున్న పొగ బయటికి రావాలంటే బ్లాక్ కడుపులోంచి, సిలిండర్ల పక్క నుంచి, చల్లటి నీళ్ళు తిరిగే గదుల్ని ఆనుకుని రావాలి. పైగా ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకి మూడే దారులు, మధ్య రెండింటికీ కలిపి ఒకటే. అందుకే ఫ్లాట్‌హెడ్ వేడెక్కుతుంది, వేడెక్కి వేడెక్కి నెర్రెలిస్తుంది. పగుళ్ళు కుట్టొచ్చు, సిలిండర్ల లోపల కొత్త గొట్టాల్లాంటి స్లీవ్‌లు వెయ్యొచ్చు, చేసేవాళ్ళు ఉన్నారు. మెషీన్ షాపు పెద్దాయన కూడా "చెయ్యొచ్చు" అనే అన్నాడు. ఒక క్షణం ఆగి, "దేనికి?" అని కూడా అడిగాడు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. చరిత్ర, సంప్రదాయం అని ఏవో గొణిగాను. ఇంటికి తెచ్చాక మా బావమరిది దాని చుట్టూ ఒకసారి తిరిగి, "బావా, ఇది ఇంజిన్ కాదు, ఓడకి కట్టే లంగరు" అని తేల్చేశాడు. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యేరా అని సమాధానం చెప్పాను కానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి చదివిందీ చూసిందీ కలిపితే నాకు అర్థమైంది ఇది. తుక్కులోంచి సామాను ఏరి హాట్ రాడ్ కట్టే పనిని మనం, అంటే ఈ పిచ్చి ఉన్నవాళ్ళం, పాత వస్తువుల భక్తిగా మార్చేసుకున్నాం. దీన్ని మొదలుపెట్టినవాళ్ళకి ఆ భక్తి లేశమైనా లేదు. వాళ్ళు తుక్కు యార్డులో వెతికింది తమ కారు కంటే కొత్త సామాను కోసం. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, యార్డులో అడుగుపెట్టాక ఏ వరసలోకి వెళ్ళాలో, దేని ముందు కూర్చోవాలో అదే నిర్ణయిస్తుంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1930ల్లో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు మ్యూరాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల అడుగున, పలకలాగా చదునుగా ఉండే నేల మీద పందాలు వేసుకునేవాళ్ళు. 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పుట్టింది ఈ పందాల్ని ఒక పద్ధతిలో పెట్టడానికే. వాళ్ళు మోడల్ ఎ ఎందుకు ఎంచుకున్నారు? అందంగా ఉందనా? ఫోర్డు 1927 చివరి నుంచి 1931 దాకా వాటిని 48 లక్షలకు పైగా తయారుచేసింది, ఎక్కడ చూసినా అవే, తేలిక, చౌక. 1932లో ఫోర్డు వీ8 వచ్చింది, 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్‌పవర్. సామాన్యుడు కొనగలిగే కారులో వీ8 అంటే అప్పట్లో చిన్న విషయం కాదు. కొన్నేళ్ళకి ఆ కార్లు గుద్దుకుని, బోర్లాపడి యార్డులకు చేరడం మొదలైంది. కుర్రాళ్ళు వాటిలోంచి ఇంజిన్ తీసి, తమ పాత మోడల్ ఎ లో పెట్టారు. అంతే సంగతి. కొత్తగా తుక్కైన బండిలోంచి పాత బండిలోకి.

బ్రేకులూ అంతే. ఫోర్డు 1939 దాకా కడ్డీలతో లాగే మెకానికల్ బ్రేకులనే నమ్ముకుంది, ఆ ఏడు హైడ్రాలిక్‌కి మారింది. హాట్ రాడ్‌ల వాళ్ళు వెంటనే ఆ కొత్త బ్రేకుల్ని తీసుకెళ్ళి తమ పాత ఇరుసులకి బిగించుకున్నారు. 1939 గేర్‌బాక్సు, అందులోకి లింకన్ జెఫర్ కారు గేర్లు, ఇవన్నీ అప్పటికి నిన్నమొన్నటి సామాను. యుద్ధం కోసం 1942 ఫిబ్రవరిలో అమెరికా మామూలు కార్ల తయారీ ఆపేసింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాడికి చేతిలో ఉన్నది పదిహేను పదహారేళ్ళ మోడల్ ఎ. పదహారేళ్ళ కారంటే ఇవాళ మీ పక్కింటాయన ఆఫీసుకి వేసుకెళ్ళేది, ఒక వైపు బంపర్ ఊడి ఉండేది. దానికి ఎవరూ దండం పెట్టరు.

బిల్ బర్క్ అనే పందెం కార్లాయన కథ నాకు చాలా ఇష్టం. యుద్ధంలో పసిఫిక్ వైపు పనిచేసినప్పుడు ఆయన యుద్ధ విమానాల కింద తగిలించే ఇంధనం ట్యాంకుల్ని చూశాడు, కన్నీటి చుక్క ఆకారంలో, గాలిని చీల్చుకుపోయేలా ఉండేవి. యుద్ధం అయ్యాక అవి మిగులు సామాను కింద కుప్పలుగా అమ్ముడయ్యాయి. 1946లో ఆయన పీ-51 విమానానికి వాడే 165 గ్యాలన్ల ట్యాంకు ఒకటి తెచ్చి దాన్నే కారు బాడీగా చేసేశాడు. తర్వాత పీ-38 వాడే ఇంకా పెద్ద ట్యాంకుకి మారాడు, అందులో మనిషీ ఇంజినూ రెండూ పట్టేవి. చూడండి, ఏడాది కిందట విమానం రెక్క కింద వేలాడుతున్న వస్తువు అది. ఆనాటికి అందుబాటులో ఉన్న అతి నాజూకైన గాలి శాస్త్రం తుక్కు ధరకి దొరికితే తీసుకున్నాడు. ఇందులో పాతకాలం మీద మమకారం నాకెక్కడా కనపడదు.

ఇప్పుడు మన పరిస్థితి చూడండి. 1939 ఫోర్డు కన్నీటి చుక్క టెయిల్ లైట్లు కావాలి, స్ట్రాంబర్గ్ 97 కార్బురేటర్లు మూడు వరసగా కావాలి, ఒరిజినల్ అని రుజువు కావాలి. పాత ఒక రోత, కొత్త ఒక వింత అంటారు కదా, ఇక్కడ తలకిందులు, ఎంత రోతైతే అంత వింత. తమాషా ఏమిటంటే ఆ స్ట్రాంబర్గ్‌లు ఇప్పుడు సరికొత్తగా కూడా తయారవుతున్నాయి. ఒహాయోలో బ్రూక్‌విల్ రోడ్‌స్టర్ వాళ్ళు మోడల్ ఎ, 1932 ఫోర్డు బాడీలను కొత్త ఉక్కు రేకుతో అచ్చు గుద్దినట్టు చేసి అమ్ముతారు. తలుచుకుంటే ఒక్క పాత బోల్టు లేకుండా "1932 ఫోర్డు" కట్టుకోవచ్చు. తప్పని అనను. సరదా ఎవరిది వాళ్ళది, పాత నాణేలు పోగుచేసేవాళ్ళని మనం తిడతామా? కానీ దాన్ని వస్తు సేకరణ అనండి, తుక్కులోంచి బండి కట్టే విద్య అనకండి. రెండూ వేరు.

ఫ్లాట్‌హెడ్ శబ్దం వేరు కదా అంటారు. నిజమే, వేరు. మధ్య రెండు సిలిండర్ల పొగ ఒకే దారిన రావడం వల్ల వచ్చే ఆ గొణుగుడు ఇంకే ఇంజినూ చెయ్యదు, ఎక్కడైనా వినిపిస్తే నేనూ పని ఆపి నిలబడిపోతాను. పగుళ్ళు లేని బ్లాక్ మీ దగ్గరుంటే తప్పకుండా కట్టండి, నన్ను ఒకసారి ఎక్కించుకోండి. నా పేచీ శబ్దంతో కాదు. పగిలిన ముక్కని, పాతది కాబట్టి, పగలని ముక్క కంటే గొప్పదని నమ్మించే ఆలోచనతో.

నేను చివరికి యార్డుకి వెళ్ళింది ట్రక్కు ఇంజిన్ కోసం. జనరల్ మోటార్స్ 1999 నుంచి 2007 దాకా సిల్వరాడో, టాహో, సబర్బన్ లాంటి లెక్కలేనన్ని బళ్ళలో పెట్టిన 5.3 లీటర్ల వీ8, ఎల్‌ఎం7 అంటారు. ఇనప బ్లాక్, ఏడాదిని బట్టి 270 నుంచి 295 హార్స్‌పవర్. నా ఫ్లాట్‌హెడ్ కొత్తగా ఉన్నప్పుడు ఇచ్చింది వంద. ఎల్‌ఎం7 అవునో కాదో తెలుసుకోవడానికి బానెట్ ఎత్తనక్కర్లేదు. అద్దం మూల కనిపించే పదిహేడు అక్షరాల బండి గుర్తింపు నంబరులో (విన్ అంటారు) ఎనిమిదోది ఇంజిన్ గుర్తు, ఈ ట్రక్కుల్లో అక్కడ టీ అక్షరం ఉంటే ఎల్‌ఎం7. వరసల మధ్య నడుస్తూ అద్దాల్లోకి తొంగి చూసుకుంటూ పోవడమే. నన్ను చూసి ఎవరో పోగొట్టుకున్న తాళాలు వెతుకుతున్నాడనుకున్నారు.

ఈ యార్డుల్లో బళ్ళు రెండు చక్రాల రిమ్ములు కలిపి వెల్డ్ చేసిన పీటల మీద నిలబెట్టి ఉంటాయి. మన పనిముట్లు మనమే పట్టుకెళ్ళి విప్పుకోవాలి, గ్యాసు టార్చి లోపలికి రానివ్వరు. ధర సామాను రకాన్ని బట్టే, ఏ బండిదన్నది వాళ్ళకి పట్టదు. ఇరుసంటే ఇరుసు, ఇంజినంటే ఇంజిన్. కాబట్టి గొప్పది ఏదో, చెత్త ఏదో తెలియడమే మన పెట్టుబడి మొత్తం.

మొదటి ట్రక్కు చూడ్డానికి లక్షణంగా ఉంది. వెనక నుంచి ఎవరో గుద్దారు, అంటే ఆ రోజు దాకా నడుస్తున్న బండే. ఆయిల్ పుల్ల తీసి చూశాను, మజ్జిగలా తెల్లబారలేదు. క్రాంక్ బోల్టుకి 24 మిల్లీమీటర్ల సాకెట్ వేసి తిప్పితే మెత్తగా తిరిగింది. ఇదివరకటి నేనైతే ఇక్కడే ఆగి బేరం ముగించేవాణ్ణి, "తిరుగుతోంది" అన్న మాటకి ఒకసారి మోసపోయానుగా. ఈసారి కాయిల్స్‌తో సహా వాల్వ్ కవర్ విప్పాను, నాలుగే బోల్టులు, 8 మిల్లీమీటర్ల తల. టార్చిలైటు వేసి హెడ్ పోత మీద వెతికితే కాస్టెక్ అనే పోత కంపెనీ గుర్తు కనపడింది. 2001 నుంచి 2006 మధ్య కొన్ని 5.3 హెడ్లు ఈ పోతలో వచ్చాయి, వాటిలో కొన్ని పగిలి నీళ్ళు ఆయిల్‌లోకి కారతాయని కంపెనీయే మెకానిక్‌లకి బులెటిన్ పంపింది. మళ్ళీ పగుళ్ళే! పెద్దగా నవ్వేసి, కవర్ మళ్ళీ బిగించి (అలవాటు, ఎవరు చూడొచ్చారు), పక్క వరసకి వెళ్ళాను. 2007 తర్వాతి ట్రక్కుల జోలికీ పోలేదు, అప్పటి నుంచి పెట్రోలు ఆదా కోసం నాలుగు సిలిండర్లని నిద్రపుచ్చే ఏర్పాటు వచ్చింది, వాల్వుల్ని ఎత్తే ఆ లిఫ్టర్లు పాడవడం మామూలు. రెండో ట్రక్కు 2004 ది. దానిది తీసుకున్నాను.

ఇంతవరకూ నా తెలివి. ఇక తెలివితక్కువ. ఈ 2004 ట్రక్కులో యాక్సిలరేటర్‌కి కేబుల్ లేదు, పెడల్ ఎలక్ట్రానిక్‌ది. పెడల్, దాని కదలికని ఇంజిన్ వైపు చేరవేసే థ్రాటిల్ మాడ్యూల్, ఇంజిన్ కంప్యూటర్, వైరింగు, ఇవన్నీ ఒకదానితో ఒకటి కుదరాలి, అంటే అన్నీ ఒకే బండిలోంచి తీసుకోవడం ఉత్తమం. నేను ఇంజిన్ తీశాను, కంప్యూటర్ తీశాను, వైరింగు ఒక్క తీగ తెగకుండా రెండు గంటలు ఓపిగ్గా తీశాను, పెడల్ మర్చిపోయాను. వారం తర్వాత వెళ్ళేసరికి ఆ ట్రక్కు ఉన్న చోట రెండు రిమ్ము పీటలు, కొంచెం గాజు పెంకులు మిగిలాయి. దాన్ని నలిపేశారు. సరైన పెడల్, మాడ్యూల్ జత దొరికేసరికి నాకు మూడు చెరువుల నీళ్ళు తాగినంత పనైంది. ఆ తర్వాత తెలిసింది ట్రక్కు ఆయిల్ పాన్ లోతెక్కువని, మోడల్ ఎ ఫ్రేములో క్రాస్‌మెంబర్‌కి తగులుతుందని. 1998 నుంచి 2002 మధ్య కమారో కారుది పెట్టాలి. కంప్యూటర్‌లో దొంగల భయానికి పెట్టిన తాళం తీయించాలి, లేకపోతే ఇంజిన్ అంటుకుని ఆరిపోతుంది.

అందుకే తుక్కులోంచి కడితే చౌక అనే మాట నేను అనను. ముక్క చౌక, బండి చౌక కాదు. రెండు వారాంతాలు ఒక్క ఇరుసు కింద పడుకున్నవాడికి ఆ గంటల లెక్క కూడా వేస్తే కొత్త కేటలాగు సామానే నయమనిపిస్తుంది. మరెందుకు చెయ్యడం అంటే, నాకున్న కారణం ఒక్కటే. కేటలాగు సామాను కొన్నప్పుడు అది ఎందుకు ఆ కొలతలో ఉందో నాకు తెలియక్కర్లేదు, డబ్బాలోంచి తీసి బిగిస్తే సరిపోతుంది. తుక్కులోంచి తీసింది మాత్రం ఎందుకలా ఉందో తెలుసుకునేదాకా నా బండిలో కూర్చోదు.

ఆ ఇరుసు సంగతే చెప్తాను. వెనక ఇరుసంటే హాట్ రాడ్ వాళ్ళందరూ ఫోర్డు 9 అంగుళాలదే జపిస్తారు. 1957 నుంచి 1986 దాకా వచ్చింది, గట్టిది, ఒప్పుకుంటా. యార్డులో ఎదురైతే 8 అంగుళాల దాన్నుంచి విడదీసి చెప్పే చిట్కా కూడా ఉంది, ముందు వైపు మధ్య భాగం కింది రెండు నట్లకి సాకెట్ తిన్నగా పట్టకపోతే అది 9. కానీ అది యార్డుల్లో కనపడటం దాదాపు మానేసింది. కనపడేది 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ 8.8. దానికి పుట్టుకతోనే డిస్కు బ్రేకులు, 31 పళ్ళ షాఫ్టులు. కవర్ బోల్టు కింద తగిలించిన చిన్న రేకు బిళ్ళని వైరు బ్రష్షుతో రుద్దితే 3ఎల్73 అని కనపడిందా, గేర్ల నిష్పత్తి 3.73, పైగా లిమిటెడ్ స్లిప్, అంటే ఒక చక్రం జారినా రెండో దానికీ బలం అందించేది. మధ్యలో ఎల్ అక్షరం లేకపోతే మామూలుది. నాకు ఎల్ ఉన్నది దొరికింది, ఆ తుప్పు పట్టిన బిళ్ళని చూసి లాటరీ తగిలినట్టు ఎగిరాను.

చిక్కేమిటంటే అది సుమారు 59.5 అంగుళాల వెడల్పు, మోడల్ ఎ కి ఎక్కువ. పైగా మధ్యనున్న గేర్ల గది సరిగ్గా నడిమధ్యన ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. కాబట్టి ఒక గొట్టం పొడుగు, ఒకటి పొట్టి. ఇక్కడే నాకు బాగా నచ్చిన తెలివి ఉంది. పొడుగు గొట్టాన్ని సుమారు 3 అంగుళాలు కోసి మళ్ళీ వెల్డ్ చేస్తే రెండు వైపులా సమానం అవుతాయి. అప్పుడు పొడుగు షాఫ్టు పనికిరాదు, ఇంకో ఎక్స్‌ప్లోరర్‌లోంచి ఇంకో పొట్టి షాఫ్టు తెచ్చి దూరిస్తే సరి. ప్రత్యేకంగా ఏదీ చేయించనక్కర్లేదు, కోత తిన్నగా రావాలంతే. ఈ ఉపాయం ఎవరికి ముందు తట్టిందో కానీ, సరస్సుల మీద పరిగెత్తిన ఆ కుర్రాళ్ళ వంశంవాడే అయ్యుంటాడు.

దాన్ని విప్పడం మాత్రం వేరే కథ. ఆకు స్ప్రింగులకి పట్టి ఉంచే యూ బోల్టుల నట్లు తుప్పుతో ముద్దకట్టాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే నూనె ఏటీఎఫ్‌లో సగానికి సగం ఎసిటోన్ కలిపి సీసాలో పట్టుకెళ్తాను, మరల మీద పోసి పక్క బండి సంగతి చూసి గంట తర్వాత వస్తాను. తిరిగొచ్చాక నట్టుని విప్పే ముందు కొంచెం బిగించే వైపు తిప్పాలి. వినడానికి వింతగా ఉంటుంది కానీ, తుప్పు పట్టు విరిగేది ఆ పిసరంత కదలికలోనే. అప్పుడు కిర్రుమని ఒక శబ్దం వస్తుంది, చిన్నగా, తలుపు సందులో వేలు పడ్డట్టు. ఆ శబ్దం వింటే పని అయినట్టే. వినకుండా బలం చూపిస్తే బోల్టు విరుగుతుంది, లేదా మన మెటికలు పగులుతాయి. నావి రెండూ అయ్యాయి.

తేకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే భక్తి మనిషిని ఇక్కడే ముంచుతుంది. బ్రేకు గొట్టాలు, రబ్బరు సీళ్ళు, స్టీరింగు టై రాడ్ చివర్లు, టైర్లు, ఇవి ఎంత బాగా కనపడినా కొత్తవే కొనాలి. పెడల్ తొక్కితే బ్రేకు నూనెని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ పాత కార్లలో ఒకే గదిది, ఒక్క గొట్టం కారితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. అమెరికన్ కార్లలో రెండు గదులది 1967 మోడళ్ళ నుంచి మామూలైంది. "పీరియడ్ కరెక్ట్", అంటే ఆ కాలానికి తగ్గట్టే ఉండాలి, అని ఆ ఒంటి గదిదే వెతికి పెట్టేవాళ్ళని చూశాను. ఆ పీరియడ్‌లో మనుషులు కరెక్ట్‌గా చచ్చిపోయేవాళ్ళు కూడా. పాత పెట్రోలు ట్యాంకుని ఎంత కడిగినా వెల్డ్ చెయ్యకండి. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్ కొట్టి దాని మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ పుడుతుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని చంపిన విషవాయువు అది. మా బావమరిది ఒకసారి ఆ డబ్బా పట్టుకుని నా వెల్డింగ్ దగ్గరికి వస్తుంటే నేను అరిచిన అరుపుకి వాడు రెండు రోజులు మాట్లాడలేదు.

తుప్పు వదిలించడానికి నేను నమ్ముకున్నది ప్లాస్టిక్ డ్రమ్ము. అందులో నీళ్ళు, కొంచెం వాషింగ్ సోడా. బ్యాటరీ చార్జర్ నెగటివ్ తీగ మన ముక్కకి, పాజిటివ్ తీగ ఏదో పనికిరాని ఇనప ముక్కకి. రాత్రి పెడితే తెల్లారేసరికి తుప్పు నల్లటి బురదలా వదిలి ఉంటుంది, మంచి ఇనుము ఒక్క రవ్వ కూడా పోదు. బుడగలు వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయటే. పాజిటివ్‌కి స్టెయిన్‌లెస్ గరిటె తగిలించకండి, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్ళలో కలుస్తుంది. స్ప్రింగులూ గట్టిదనం ఎక్కించిన బోల్టులూ ఇందులో వెయ్యకూడదు, హైడ్రోజన్ పట్టి పెళుసవుతాయి, తళతళలాడుతూ ఒక రోజు పుటుక్కుమంటాయి.

ఇంత కష్టపడి ఒకడు తుప్పు వదిలిస్తుంటే, ఇంకొకడు కొత్త రేకు మీద ఉప్పునీళ్ళూ వెనిగరూ కొట్టి తుప్పు పట్టించి, దాని మీద క్లియర్ కోట్ వేసి రాట్ రాడ్ అంటాడు. దీని గురించి ఇంతకంటే రాయను, బీపీ.

ఇంకో పక్క కూడా చూడాలి. పూర్తిగా ఉన్న పాత కారుని, ఎవరో చేస్తే మళ్ళీ యథాతథంగా నిలబడగల దాన్ని, కోసి హాట్ రాడ్ చెయ్యడం నాకు నచ్చదు. నా ట్యూడర్‌కి ఫ్లోరూ లేదు, చెట్టు మొలిచింది కాబట్టి దాన్ని కోసినా పాపం తగలదని నా నమ్మకం. భక్తి వద్దన్నాను కానీ మర్యాద వద్దనలేదు.

పనికొచ్చే ఇనుముకి మర్యాద లేకపోతే ఏమవుతుందో 2009లో అమెరికా మొత్తం చూసింది. పాత బండి ఇచ్చి, పెట్రోలు తక్కువ తాగే కొత్త బండి కొంటే ప్రభుత్వం డబ్బిచ్చే పథకం, జనం క్యాష్ ఫర్ క్లంకర్స్ అన్నారు. సుమారు 6 లక్షల 77 వేల బళ్ళు వచ్చాయి. షరతు ఏమిటంటే వచ్చిన ప్రతి ఇంజిన్‌నీ చంపాలి. ఆయిల్ తీసేసి, దాని బదులు సోడియం సిలికేట్ ద్రావణం పోసి, స్టార్ట్ చేసి రేసు పెట్టి ఉంచితే ఆ వేడికి అది గాజులా గడ్డకట్టి కొద్ది నిమిషాల్లో ఇంజిన్ పట్టేస్తుంది. ఆ వీడియోలు చూశాను. చివర్లో ఒక కీచుమన్న అరుపు, ఆ తర్వాత నిశ్శబ్దం. కాలుష్యం తగ్గాలంటే ఆ ఇంజిన్లు మళ్ళీ రోడ్డెక్కకూడదన్న వాదన నాకు అర్థమవుతుంది, సగం ఒప్పుకుంటాను కూడా. వచ్చిన బళ్ళలో ఎక్స్‌ప్లోరర్లు ముందు వరసలో ఉన్నాయి. ఇరుసుల్ని విడిగా అమ్ముకోనిచ్చారు కానీ, 180 రోజుల్లో బండి నలిగిపోవాలి. ఎన్ని 3ఎల్73 బిళ్ళలు ఎవరూ రుద్ది చూడకుండా పోయాయో అని నాకిప్పటికీ అనిపిస్తూ ఉంటుంది. చింత చచ్చినా పులుపు చావదు.

రెండో పొట్టి షాఫ్టు కోసం పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. పక్క వరసలో ఒక కుర్రాడు, ఇరవై కూడా ఉండవేమో, నిస్సాన్ లీఫ్ అనే ఎలక్ట్రిక్ కారు ముందు భాగంలో సగం మునిగి పనిచేస్తున్నాడు. బ్యాటరీని యార్డు వాళ్ళే ముందే తీసేశారు, వాడికి కావాల్సింది మోటారు, 80 కిలోవాట్లది. వాడి 10 మిల్లీమీటర్ల సాకెట్ ఎక్కడో పడిపోయిందట, నాది అడిగాడు. ఇచ్చాను. దేనికి ఈ మోటారు అంటే తాతగారి పాత పికప్‌లో పెట్టడానికి అన్నాడు. నువ్వేం తీస్తున్నావని నన్నడిగితే ఎక్స్‌ప్లోరర్ షాఫ్టు, 1930 మోడల్ ఎ కోసం అన్నాను. అంత పాత కారా, దానికేం బాగుంటుంది అన్నట్టు ఒకసారి చూసి మళ్ళీ పనిలో దూరాడు.

వాడి మోచేతి పక్కన నారింజ రంగు తీగలు లావుగా వేలాడుతున్నాయి. ఆ రంగంటే హై వోల్టేజి అని మాత్రం తెలుసు, అంతకుమించి నాకేం తెలియదు. బ్యాటరీ తీసేసినా ఇన్వర్టర్‌లో కరెంటు కొంతసేపు నిలవుంటుందట కదా, కొలిచావా అని అడిగాను. జేబులోంచి మీటర్ తీసి చూపించాడు. తర్వాత, కొలవడం ఎక్కడ, ఏ రెండు చోట్ల ముళ్ళు ఆనించాలి అన్నది నేను అడగడం మొదలుపెట్టాను, వాడు చెప్తూ పోయాడు, యార్డు మూసేస్తున్నామని మైకులో వినపడేసరికి నా షాఫ్టు ఇంకా ఎక్స్‌ప్లోరర్‌లోనే ఉంది.